ఫ్లైయాష్ ఇటుకలో సిమెంట్ తగ్గించి కార్బన్ తగ్గించడం ఎలా: మా యూనిట్‌లో చేసిన పద్ధతి

ఫ్లైయాష్ ఇటుక యూనిట్ నడిపేవాళ్ళకి, కొత్తగా పెడదామనుకునేవాళ్ళకి ఇది రాస్తున్నా. మాది నందిగామ దగ్గర చిన్న యూనిట్, ఫ్లైయాష్ అంటే బొగ్గు కాల్చాక వచ్చే బూడిద ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంట్ ప్లాంట్ నుంచి, డస్ట్ అంటే రాతి పొడి దొనబండ కంకర క్రషర్ల నుంచి, సిమెంట్ జగ్గయ్యపేట వైపు నుంచి వస్తాయి, అంతా ఒకే హైవే మీద. మా నాన్న ఎర్ర ఇటుక బట్టీ నడిపాడు, నేను బూడిద ఇటుకలోకి వచ్చా, వచ్చిన కొత్తలో అందరికీ చెప్పేవాణ్ణి మాకు బట్టీ లేదు మంట లేదు పొగ లేదు, మా ఇటుకకి కాలుష్యమే లేదని. ఆ మాట సగమే నిజం, మిగతా సగం ఎక్కడుందో తెలిసాక ఏం చేశామో వరసగా చెప్తా.

మొదటి పని లెక్క వేసుకోవడం. ఇది చెయ్యకుండా ఏదీ మొదలుపెట్టకండి, ఎందుకంటే మనం అనుకునే చోట కార్బన్, అంటే గాల్లోకి పోయే కార్బన్ డయాక్సైడ్, ఉండదు. ఒక నోట్‌బుక్ తీసుకుని వెయ్యి ఇటుకకి ఏమేం పడుతుందో రాయండి. మా మిక్స్ అప్పట్లో ఇలా ఉండేది: పాన్ మిక్సర్‌లో 500 కిలోల బ్యాచ్, అందులో బూడిద 300, డస్ట్ 150, సిమెంట్ 40, జిప్సం 10. తొమ్మిది అంగుళాల ఇటుక ఒక్కోటి 3.2 కిలోలు తూగుతుంది కాబట్టి బ్యాచ్‌కి 155 దాకా వస్తాయి. అంటే వెయ్యి ఇటుకకి 258 కిలోల సిమెంట్, ఐదు సంచుల పైన.

ఇప్పుడు సిమెంట్ సంగతి చూడండి. సున్నపురాయిని కాలిస్తే 100 కిలోల రాయిలో 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి పోతుంది, 56 కిలోల సున్నం మిగులుతుంది. ఇది బొగ్గు పొగ కాదు, రాయిలోంచే వచ్చేది, కాబట్టి ఫ్యాక్టరీవాళ్ళు బొగ్గు మానేసి ఇంకేది మండించినా ఈ భాగం తగ్గదు. దాని మీద క్లింకర్, అంటే పొడి చేస్తే సిమెంట్ అయ్యే కాల్చిన గడ్డలు, తయారవ్వాలంటే 1450 డిగ్రీల వేడి కావాలి, ఆ బొగ్గు పొగ అదనం. అన్నీ కలిపితే ఓపీసీ, అంటే బూడిద స్లాగ్ లాంటివి కలపని మామూలు సిమెంట్, 50 కిలోల సంచికి 42 కిలోల దగ్గర వేసుకోవచ్చు. మన 258 కిలోల సిమెంట్‌కి 220 కిలోల దగ్గర.

మిగతావి కూడా వేయండి. కరెంట్: మిక్సర్, బెల్టు, ప్రెస్ కలిపి 30 హెచ్‌పీ అనుకుంటే గంటకి 22 యూనిట్లు, గంటకి వెయ్యి ఇటుక తీస్తే, యూనిట్‌కి 0.7 కిలోల చొప్పున 16 కిలోలు. బూడిద లారీ: పోనురాను 70 కిలోమీటర్లు, లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇస్తే 17, 18 లీటర్ల డీజిల్, లీటరుకి 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, అది 20 టన్నుల బూడిద మీద పంచితే వెయ్యి ఇటుకకి ఐదు కిలోలు కూడా రాదు. డస్ట్ లారీ ఇంకో రెండు. విజయవాడకి లోడ్ పంపితే, మూడు వేల ఇటుక ఒక ట్రిప్పు, పోనురాను వంద కిలోమీటర్లు, వెయ్యికి 22. మొత్తం 265 అయితే అందులో 220 సిమెంటే. నూటికి 80 పైన.

పోల్చి చూడటానికి, బట్టీలో వెయ్యి ఎర్ర ఇటుకకి 300 కిలోల బొగ్గు పట్టిందనుకుంటే కిలోకి ఒకటిన్నర చొప్పున 450 కిలోలు. మనం వాళ్ళకంటే నయమే, అందులో సందేహం లేదు, పైగా పొలం మట్టి తవ్వట్లేదు, అయినా మనం సున్నా కాదు. మా నాన్న బట్టీ పొగ ఊరందరికీ కనపడేది, నా పొగ జగ్గయ్యపేట సిమెంట్ ఫ్యాక్టరీ గొట్టంలోంచి పోతోంది, అందుకే నాకు కనపడలేదు.

ఈ లెక్క వచ్చాక నేను చేసిన మొదటి తప్పు కూడా చెప్తా, మీరు చెయ్యకండి. ఉత్సాహంలో ఒకేసారి బ్యాచ్‌కి 40 కిలోల నుంచి 28కి దించేశా, మిగతా ఏదీ మార్చలేదు. పదో రోజు లోడ్ పంపించా. సైట్ దగ్గర దించుతుంటేనే అంచులు రాలిపోయాయి, కింద ఎర్రమట్టి మీద బూడిద పొడి పరుచుకుంది, మేస్త్రి రెండు ఇటుకలు ఒకదానికొకటి కొట్టి నా ముందు పెట్టాడు, ఖంగుమనాల్సింది బొప్ అంది. లోడ్ మొత్తం వెనక్కి తెచ్చుకున్నా. ఆ దెబ్బతో మా కుర్రాళ్ళు 45 వేసేద్దాం అన్నా అన్నారు. కారణం తెలుసుకోకుండా సిమెంట్ పెంచడమే మన లైన్‌లో అందరూ చేసే పని, అక్కడే కార్బన్ పెరుగుతుంది డబ్బూ పోతుంది.

అసలు కారణం ఏంటంటే బూడిద నెమ్మదిగా పనిచేసే సరుకు. సిమెంట్ నీళ్ళతో కలిసి గట్టిపడేటప్పుడు సున్నం విడుదలవుతుంది, ఆ సున్నంతో బూడిదలోని సిలికా కలిసి మళ్ళీ జిగురు లాంటి పదార్థం కడుతుంది, ఈ రెండో పని వారాల తరబడి జరుగుతుంది, తడి ఉన్నంతకాలమే జరుగుతుంది. పదో రోజుకి ఇటుక గట్టిగా ఉండాలంటే సిమెంట్ ఎక్కువ వెయ్యాలి, 28 రోజులు ఆగగలిగితే తక్కువ చాలు. మనం ఎక్కువ సంచులు వేస్తున్నది చాలావరకు ఆ తొందర కోసం. ఇది బుర్రలో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ ఎందుకో అర్థమవుతాయి.

రెండో పని బూడిద. ఇక్కడ రాజీ పడితే మిగతా ఏ ప్రయత్నమూ నిలబడదు. థర్మల్‌లో రెండు రకాలు దొరుకుతాయి, ఈఎస్‌పీ (పొగలోంచి బూడిదని పట్టే యంత్రం) దగ్గర పట్టిన పొడి బూడిద, చెరువులోకి నీళ్ళతో పంపిన బూడిద. చెరువు బూడిద ముతక, తడి, అందులో కింద రాలిన బరక బూడిద కూడా కలిసి ఉంటుంది, సున్నంతో కలిసే గుణం తక్కువ. దానికి సిమెంట్ ఎక్కువ పడుతుంది. లారీ రాగానే దించనివ్వకుండా మూడు చోట్ల నుంచి గుప్పెడు తీయండి. వేళ్ళ మధ్య నలిపితే టాల్కం పౌడర్ లాగా జారాలి, ఇసక తగలకూడదు. గాజు గ్లాసు నీళ్ళలో చెంచాడు వేసి కలపండి, పైన నల్లటి తెట్టు తేలితే అందులో కాలని బొగ్గు ఉన్నట్టు, అది నీళ్ళు తాగేస్తుంది, బలం ఇవ్వదు. బూడిదకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 3812 ప్రకారం మండితే పోయే భాగం 5 శాతం దాటకూడదు, సన్నదనానికి కూడా లిమిట్ ఉంది, మూడు నెలలకోసారి ల్యాబ్‌లో చేయించుకోండి. ఒకసారి మాకు ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు పైన పొడి బూడిద కింద చెరువు బూడిద కలిపి పంపారు, వారం రోజులు ఇటుక ఎందుకు తేలిపోతుందో అర్థం కాలేదు, అప్పట్నుంచి టిప్పర్ ఎత్తాక మధ్యలోంచి శాంపిల్ తీస్తున్నాం.

దూరం గురించి అందరూ అడుగుతారు, పైన లెక్క చూశారు కదా. దగ్గర చెరువు బూడిద కంటే ఇంకో వంద కిలోమీటర్లు పోయి మంచి పొడి బూడిద తెచ్చుకుంటే పోనురాను డీజిల్‌కి వెయ్యి ఇటుకకి 13 కిలోలు పెరుగుతుంది, దానివల్ల ఒక్క సంచి సిమెంట్ తగ్గినా 42 కిలోలు తగ్గుతుంది. కిరాయి మాత్రం మీరు చూసుకోవాలి, డబ్బుల లెక్క ప్రతి చోటా ఒకేలా ఉండదు. రామగుండం, పాల్వంచ, పరవాడ, ముద్దనూరు, కృష్ణపట్నం, ఎటు చూసినా థర్మల్‌కి అందుబాటులో ఉన్న జిల్లాలు మనవి, ఆ విషయంలో మనం అదృష్టవంతులం.

మూడోది కలిపే వరస. చాలామంది డస్ట్, బూడిద, సిమెంట్ ఒకేసారి పాన్‌లో పోసి నీళ్ళు కొట్టేస్తారు. అలా కాకుండా ముందు బూడిద, సిమెంట్, జిప్సం పొడిగా రెండు నిమిషాలు తిప్పండి, రంగు ఒకేలా వచ్చాక డస్ట్ వేయండి, ఆఖరికి నీళ్ళు. నీళ్ళు మొత్తం బరువులో పదో వంతు దగ్గర, కానీ డస్ట్ తడిగా వస్తే తగ్గించాలి, వాన రోజుల్లో మరీ. మీటర్ కంటే చెయ్యి బాగా చెప్తుంది: పిడికిలి నిండా తీసుకుని గట్టిగా నొక్కండి, ముద్ద నిలబడాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు రాకూడదు, అరచేతికి తడి మెరుపు మాత్రమే అంటాలి, రెండు ముక్కలుగా విరిస్తే పొడిపొడిగా రాలకుండా నీటుగా విరగాలి. మా మిక్సర్ దగ్గర చేసే ఆమె ఇప్పుడు పిడికిలి నొక్కకుండా పాన్ శబ్దం బట్టే చెప్పేస్తుంది, నీళ్ళు ఎక్కువైతే రోలర్ కింద చపచప అంటుంది. నీళ్ళు ఎక్కువైతే ఇటుకలో ఖాళీలు మిగులుతాయి, తక్కువైతే బూడిద సున్నం కలవవు, రెండిట్లో ఏది జరిగినా దాన్ని సిమెంట్‌తో పూడుస్తాం.

ప్రెస్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. ప్రతి ఇరవయ్యో ఇటుకని కాటా మీద పెట్టండి. తడి ఇటుక బరువు వంద గ్రాములు తగ్గిందంటే అచ్చు అరిగిందో, ఫీడ్ సరిగ్గా పడట్లేదో, హైడ్రాలిక్ ప్రెషర్ పడిపోయిందో చూడండి. అచ్చు లైనర్లు మార్చడానికి వెనకాడి బ్యాచ్‌కి రెండు కిలోల సిమెంట్ ఎక్కువ వేసేవాళ్ళని చూశా, మూడు నెలల్లో లైనర్ ఖర్చు దాటిపోతుంది.

నాలుగోది క్యూరింగ్, అంటే ఇటుకని తడిగా ఉంచి గట్టిపడనివ్వడం. అన్నిటికంటే దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నా, ఎందుకంటే సిమెంట్ తగ్గేది ఇక్కడే. మెషిన్ నుంచి వచ్చిన ఇటుక మొదటి రోజు ఎండ, గాలి తగలకుండా టార్పాలిన్ పట్టా కింద ఉండాలి. పొద్దున్నే పట్టా ఎత్తి లోపలివైపు చూడండి, నీటి చుక్కలు పట్టి ఉంటే బాగుంది, పొడిగా ఉంటే రాత్రంతా తడి గాల్లో పోయినట్టే. రెండో రోజు దొంతర్లు పేర్చి నీళ్ళు మొదలుపెట్టాలి, రోజుకి మూడుసార్లు, కనీసం 14 రోజులు, సిమెంట్ తగ్గించిన మిక్స్‌కి 21 రోజులు. మన దగ్గర ఎండ ఎక్కువని భయపడతాం కానీ తడి ఉన్నంతవరకు ఆ వేడి మనకి మేలే చేస్తుంది, వేడిలో బూడిద సున్నం తొందరగా కలుస్తాయి. తడి ఆరనివ్వకపోవడమే పని. మేము దొంతర్ల మీద తడిపిన గోనెలు వేసి దాని మీద పట్టా కప్పాం, ఏప్రిల్ మధ్యాహ్నం పట్టా కింద చెయ్యి పెడితే ఆవిరి తగిలినట్టు ఉంటుంది, అదే కావాల్సింది. ఇలా చేస్తే నీళ్ళు కూడా తక్కువ పడతాయి, పైప్ పట్టుకుని తడిపితే సగం నేలపాలే. కింద చిన్న కాలవ తీసి తొట్టిలోకి మళ్ళించండి, మళ్ళీ వాడుకోవచ్చు.

దీనికి అసలు ఇబ్బంది స్థలం, డబ్బు. 21 రోజుల స్టాక్ అంటే రోజుకి 8 వేల చొప్పున లక్షా అరవై ఎనిమిది వేల ఇటుక యార్డ్‌లో కూర్చుంటుంది, డబ్బు ఇరుక్కుంటుంది. నిజమే, నాకూ ఇరుక్కుంది. దశలవారీగా చేశా, మొదట ఒక వరస మాత్రమే 21 రోజులు ఆపి, మిగతాది పాత మిక్స్‌తో పాత పద్ధతిలో అమ్మి, ఆ వరస తిరిగొచ్చాక రెండోది. మూడు నెలలు పట్టింది.

ఐదోది సిమెంట్ తగ్గించే ట్రయల్. ఒక్కసారి ఒక్కటే మార్చండి. బ్యాచ్‌కి 40 నుంచి 37, తర్వాత 35, అలా దిగండి. ప్రతి మెట్టులో ముప్పై ఇటుకలు పక్కన పెట్టి పెయింట్‌తో తేదీ, కిలోలు రాయండి. ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఎనిమిదో రోజు ఐదేసి ఇటుకలు దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీలోనో పాలిటెక్నిక్‌లోనో ప్రెస్ చేయించండి. ఐఎస్ 12894 లో 7.5 క్లాస్ అంటే మనవాళ్ళు చెప్పే 75 కేజీ (చదరపు సెంటీమీటర్‌కి), మన తొమ్మిది అంగుళాల ఇటుక పగలడానికి సుమారు 19 టన్నుల బరువు పట్టాలి. ఏడో రోజు రిజల్ట్ చూసి కంగారు పడకండి, తక్కువే వస్తుంది, 28కి ఎంత పెరిగిందో అదే ముఖ్యం. ఇంకో ఐదు ఇటుకలు ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి తూకం వేయండి, ఆరిన బరువు మీద 20 శాతం కంటే ఎక్కువ పెరిగితే ఆ మిక్స్ వదిలేయండి, అది బలం టెస్ట్ పాసైనా సరే, వానాకాలం గోడ చెమ్మ లాగుతుంది, ఇంటివాళ్ళు జీవితాంతం తిట్టుకుంటారు.

మేము ఇలా దిగుతూ దిగుతూ 30 దగ్గర ఆగాం. 40 ఉన్నప్పుడు మా ఇటుక 28 రోజులకి 110 కేజీ దాటేదని అప్పుడే తెలిసింది, అంత ఎవరూ అడగలేదు, పార్టిషన్ గోడకి అసలు అక్కర్లేదు. 30కి 85, 90 మధ్య వస్తోంది. వెయ్యి ఇటుకకి 64 కిలోల సిమెంట్ తగ్గింది, కార్బన్ 54 కిలోలు. నెలకి రెండు లక్షల ఇటుక తీస్తే సిమెంట్ 256 సంచులు, కార్బన్ పదకొండు టన్నులకి దగ్గర తగ్గినట్టు. సంచి 300 అనుకున్నా 76,800 రూపాయలు.

ఇంకా దిగాలనుకుంటే ఆరో దారి, సున్నం జిప్సం. ఇది మన విశాఖపట్నం వాళ్ళు, ఎన్. భానుమతిదాస్, ఎన్. కాళిదాస్ దంపతులు ఇన్స్వారెబ్ అనే సంస్థలో తయారుచేసిన ఫాల్‌జీ పద్ధతి, ఫ్లైయాష్, లైమ్, జిప్సం కలిపితే వచ్చిన పేరు. కాల్చక్కర్లేదు, ఆవిరి అక్కర్లేదు, మామూలు నీళ్ళతో క్యూరింగ్. ఈ ఇటుకల యూనిట్లని కలిపి ప్రపంచ బ్యాంకు కార్బన్ ఫండ్ ద్వారా కార్బన్ క్రెడిట్లు (తగ్గించిన కార్బన్‌కి ఇచ్చే సర్టిఫికెట్లు) కూడా అమ్మారు, మన ఇటుకకి అంత గుర్తింపు వచ్చిందని చాలామందికి తెలియదు. అయితే ఒక మాట, బట్టీలో కాల్చిన సున్నం కొని వేస్తే కార్బన్ తగ్గదు, పైన చెప్పిన అదే 44 కిలోల లెక్క దానికీ ఉంది. వేరే ఫ్యాక్టరీలో వ్యర్థంగా వచ్చే సున్నం దొరికితేనే లాభం, ఉదాహరణకి ఎసిటిలీన్ గ్యాస్ తయారీలో మిగిలే కార్బైడ్ సున్నం. అది కొనేముందు రెండు చూడండి. చిత్తడిగా వస్తుంది, ఎండబెట్టిన బరువు మీదే లెక్క కట్టండి, లేకపోతే నీళ్ళకి డబ్బులిచ్చినట్టు. రెండోది, ఆరుబయట నెలల తరబడి పడున్న సున్నం గాల్లో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మళ్ళీ సుద్ద అయిపోతుంది, కొంచెం చిప్పలో తీసుకుని రెండు చుక్కల బాత్రూమ్ యాసిడ్ వేయండి, బుసబుసా పొంగితే వద్దు. యాసిడ్ వేసేవాళ్ళకి, సున్నం కలిపేవాళ్ళకి గ్లౌజులు, బూట్లు, కళ్ళద్దాలు తప్పనిసరి, ఆ సున్నం చర్మాన్ని తినేస్తుంది, మా దగ్గర ఒకమ్మాయికి మడమలు పగిలి వారం పనికి రాలేకపోయింది, ఆ రోజు బూట్లు ఇవ్వకపోవడం నా తప్పు. జిప్సం కూడా ఐదు శాతం దాటనివ్వకండి, ఎక్కువైతే తడిలో ఉబ్బి పగుళ్ళిస్తుంది.

ఓపీసీ బదులు స్లాగ్ సిమెంట్ వాడొచ్చా అంటే వాడొచ్చు, స్టీల్ ప్లాంట్‌లో ఇనుము తీశాక మిగిలే స్లాగ్ కలిసినది కాబట్టి అందులో క్లింకర్ తక్కువ. పీపీసీ అంటే బూడిద కలిపి అమ్మే సిమెంట్, అందులో బూడిదే 35 శాతం దాకా ఉంటుంది, అంటే మనం ఫ్రీగానో చవగ్గానో తెచ్చుకునే బూడిదని సంచిలో సిమెంట్ రేటుకి కొంటున్నాం, అందుకే మేము దాని జోలికి పోలేదు. ఏది వాడినా సంచులు కాకుండా అందులో క్లింకర్ ఎంతో లెక్కపెట్టండి.

సోలార్ పెడితే మంచిదే, మన పని పగలే కాబట్టి సరిపోతుంది, కానీ 265లో అది 16, కాబట్టి సిమెంట్ పని అయ్యాకే దాని మీద డబ్బు పెట్టండి. విరిగిన ఇటుక మాత్రం వెంటనే పట్టించుకోండి, నూటికి ఐదు విరిగితే పెట్టిన సిమెంట్‌లో ఐదు శాతం గోతిలోకి పోయినట్టు. పచ్చి ముక్కలు అదే రోజు పాన్‌లో వేసేయండి, గట్టిపడిన ముక్కలు పొడి చేసి డస్ట్‌లో కలపండి, ఎక్కువ కలపకండి.

చివరిగా, ప్రతి దొంతర మీద తయారైన తేదీ, పంపే తేదీ పెద్దగా సున్నంతో రాయించండి. మా దగ్గర కస్టమర్ ఫోన్ చేసి రేపే కావాలన్నా ఆ తేదీ రాకుండా లోడర్ ముట్టుకోడు. మొదట్లో ఇద్దరు ముగ్గురు వేరే యూనిట్‌కి పోయారు, ఇప్పుడు నెల ముందే ఆర్డర్ చెప్తున్నారు, పునాది తవ్వే రోజే ఫోన్ చేయమని మేస్త్రీలకి చెప్పి పెట్టాం. మీరూ ఆ మాట ముందే చెప్పుకోండి, పునాది నుంచి గోడ లేచేలోపు ఎలాగూ నాలుగు వారాలు పడుతుంది.